ఇంగ్లండ్‌లో ఒక పుంత దారి కోసం తిరిగిన కథ

మొదట చేసిన తప్పు ఏంటంటే, పారిష్ కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి ఊరి పంచాయతీ లాంటిదానికి, రాయాల్సిన ఫిర్యాదు చర్చికి రాశాను.

నవ్వకండి. మనకి పారిష్ అంటే చర్చే కదా. తణుకు దగ్గర మా ఊళ్లో ఫాదర్ గారు "మా పారిష్‌లో" అంటుంటే విని పెరిగినవాణ్ణి. ఇక్కడ గూగుల్‌లో ఊరి పేరు, పక్కన పారిష్ అని కొడితే పైన వచ్చిన మెయిల్ ఐడీకి నాలుగు పేరాల ఉత్తరం, మూడు ఫొటోలు పంపేశాను. మర్నాడు ఫాదర్ గారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది, చాలా మర్యాదగా. "మీ బాధ అర్థమైంది, ఆ దారిలో నా ప్యాంటు కూడా చిరిగింది, కానీ మీకు కావలసింది వేరే పారిష్" అని, కింద క్లర్క్ గారి మెయిల్ ఇచ్చారు.

అసలు కథ ఇదీ. 2021లో చిల్టర్న్స్ కొండల అంచున ఒక చిన్న ఊరికి మారాం. అదే అద్దెకి ఒక గది ఎక్కువ వచ్చింది, అంతకంటే గొప్ప కారణం లేదు. చుట్టూ బీచ్ చెట్ల అడవి, కాలు పెడితే తెల్లగా అంటుకునే సుద్ద నేల, తలెత్తితే రెడ్ కైట్ గద్దలు. ఒకప్పుడు ఇక్కడ ఆ గద్దలు పూర్తిగా పోతే 1989 నుంచి స్పెయిన్ నుంచి పిల్లల్ని తెచ్చి వదిలారట. ఇప్పుడు మా ఆవిడ పెరట్లో చికెన్ కడిగితే చాలు, పైన నాలుగు తిరుగుతుంటాయి. అంతా బాగుంది, ఒక్కటి తప్ప. స్టేషన్, పాప స్విమ్మింగ్ క్లాసు, కాస్త పెద్ద కొట్టు అన్నీ పక్క ఊళ్లోనే. మైలున్నర దూరం. రోడ్డు చూస్తే ఇరుకు, రెండు పక్కలా ఎత్తైన పొద కంచె, నడిచే గట్టు లేదు, స్పీడ్ లిమిట్ గంటకి 60 మైళ్లు. తొమ్మిదేళ్ల పిల్లని సైకిల్ మీద ఆ రోడ్డెక్కించే ధైర్యం నాకు లేదు.

ఆర్డ్‌నెన్స్ సర్వే, అంటే ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ, వాళ్ల నారింజ అట్ట మ్యాపు కొన్నాను. 1:25,000 స్కేలు, పొలాల గట్లు కూడా కనిపిస్తాయి. అందులో పక్క ఊరి నుంచి మా ఊరికి పొలాల మీదుగా ఆకుపచ్చ గీతలు. అంటే దారి ఉంది! నాకు అప్పటికి తెలియనిది ఏంటంటే ఆ గీతల్లో పొట్టి గీతలు వేరు, పొడుగు గీతలు వేరు. పొట్టివి ఫుట్‌పాత్, నడకకి మాత్రమే. పొడుగువి బ్రైడిల్‌వే, అంటే గుర్రపు బాట. నడవొచ్చు, గుర్రం మీద పోవొచ్చు, 1968 చట్టం వచ్చినప్పటి నుంచి సైకిల్ మీద కూడా పోవొచ్చు, కాకపోతే నడిచేవాళ్లకీ గుర్రాలకీ దారివ్వాలి. దారిలో గుంజలకి కొట్టిన బాణం గుర్తులు కూడా అంతే, పసుపు అయితే నడక, నీలం అయితే సైకిల్ సరే. ఇంకా ఊదా, ఎరుపు కూడా ఉన్నాయి గానీ అవి మా పక్క తక్కువ.

2022 ఏప్రిల్‌లో ఒక ఆదివారం, స్విమ్మింగ్ అయ్యాక పాపా నేనూ ఆ దారిన ఇంటికి బయల్దేరాం. ముప్పావు మైలు దాకా స్వర్గం. నీలం బాణాలు, గట్టి నేల, పక్కన బ్లూబెల్ పూలు. అడవి అంచున ఒక పాత పొద కంచె, దాంట్లో సందు. ఆ సందు దాటగానే నీలం బాణం మాయమై పసుపు బాణం వచ్చింది. దాని వెనక దారి లేదు. నా గుండెల దాకా పసుపుపచ్చని చేను. ఆయిల్‌సీడ్ రేప్ అంటారు, మన ఆవాల జాతే, చూడ్డానికి ఆవ చేను బాగా బలిసినట్టుంటుంది. సైకిళ్లు ఎత్తుకుని, ఆ తడి చేలో నుంచి ఎలాగో అవతలికి పోతే అక్కడ స్టైల్, అంటే కంచె మీదుగా ఎక్కి దిగే చెక్క మెట్లు, ఒక మెట్టు విరిగిపోయి ఉంది, పై కర్రకి ముళ్ల తీగ చుట్టారు. పాప జాకెట్ చిరిగింది, మోచేయి గీరుకుంది. అప్పుడే క్వాడ్ బైక్ మీద ఒక పెద్దాయన వచ్చి, పాప ఏడుపు చూసి గొంతు తగ్గించి, "ఇది ఫుట్‌పాత్. సైకిళ్లకి కాదు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టైంది. దారి మూసింది ఆయన, తప్పు చేసినవాణ్ణి నేను.

ఆ కోపంలోనే ఫాదర్ గారికి మెయిల్ వెళ్లింది.

ఇక క్లర్క్ గారి సంగతి. మన దగ్గర క్లర్క్ అంటే ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి జరిపే ఆయన. ఇక్కడ పారిష్ కౌన్సిల్‌లో క్లర్కే ఆఫీసు. చట్టప్రకారం బాధ్యత గల అధికారి ఆవిడే, జీతం తీసుకునేదీ ఆవిడే, అదీ మా ఊళ్లో వారానికి ఎనిమిది గంటలకి, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని. కౌన్సిలర్లు జీతం లేని ఊరివాళ్లు. ఛైర్మన్ ఉన్నాడు గానీ మన సర్పంచి లాగా "చేసేయండి" అంటే పని అయిపోదు. ఏదైనా మీటింగులో తీర్మానం అవ్వాల్సిందే. ఈ కౌన్సిళ్లు 1894 చట్టంతో వచ్చాయి, అంతకుముందు ఊరి వ్యవహారాలు చర్చి గదిలోనే తేలేవట, పేరు అలా మిగిలిపోయింది. అంటే నా మెయిల్ ఒక 130 ఏళ్లు ఆలస్యంగా వెళ్లింది, అంతే.

ఆవిడ జవాబు ఐదు లైన్లు. దార్ల మీద అధికారం పారిష్‌ది కాదు, కౌంటీ (మన జిల్లా లాంటిది) కౌన్సిల్‌ది. అక్కడ రైట్స్ ఆఫ్ వే (దారి హక్కుల) ఆఫీసర్ ఉంటారు, వాళ్లకి ఆన్‌లైన్ మ్యాపు మీద రిపోర్ట్ చెయ్యి. చేసేటప్పుడు దారి నంబరు, గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాపు మీద చోటు చెప్పే అంకెలు), తేదీ, ఫొటో పెట్టు, బాధ తక్కువ రాయి. ఆ చివరి మాట ఆవిడ ఇంకాస్త మర్యాదగా రాసింది. ప్రతి దారికీ పారిష్ పేరు, ఒక నంబరు ఉంటాయి. మాది 14. "అడవి పక్కన పెద్ద చెట్టు దగ్గర" అని రాస్తే ఎవరికీ తెలియదు, "ఫుట్‌పాత్ 14" అంటే కౌంటీ ఆఫీసులో కూర్చున్నవాడికి కూడా తెలుస్తుంది. ఆ రిపోర్ట్ కాపీ నాకు పంపు, వచ్చే మీటింగ్ అజెండాలో పెడతాను, నువ్వూ రా అంది. మీటింగ్‌కి మూడు పూర్తి రోజుల ముందే అజెండా నోటీసు బోర్డుకి అంటించాలి, అందులో లేని విషయం మీద నిర్ణయం చెయ్యకూడదు, కాబట్టి ముందు రోజు ఫోన్ చేసి "ఇది కూడా కలపండి" అంటే కుదరదు.

మే నెలలో విలేజ్ హాల్లో రాత్రి ఏడున్నరకి మీటింగ్. ఏడుగురు కౌన్సిలర్లు, క్లర్కు, జనంలో నేనూ, ఇంకో ముసలాయన, ఆయన కుక్క. పబ్లిక్ మాట్లాడ్డానికి తలా మూడు నిమిషాలు. నేను రాత్రంతా ప్రాక్టీస్ చేసి వెళ్లాను. నా కంటే ముందు కుక్కల చెత్త డబ్బా ఎక్కడ పెట్టాలనే దాని మీద ఇరవై నిమిషాలు నడిచింది. పరాయి దేశం అనే బెరుకు నాకు ఆ ఇరవై నిమిషాల్లో పోయింది. మా పంచాయతీలో కుళాయి ఎక్కడ వెయ్యాలనే గొడవే, కాకపోతే ఇక్కడ అరుపుల్లేవు.

నా వంతు రాగానే ఒక కౌన్సిలర్ లేచి, ఆ పొలం కౌలుకి చేస్తున్నది మా బావమరిది, నాకు సంబంధం ఉన్నట్టే, అని చెప్పి బయటికి వెళ్లిపోయాడు. ఇది నాకు భలే నచ్చింది. ఆ తర్వాత తెలిసింది ఏంటంటే, రైతు చేసింది సగం తప్పే. పొలం మధ్య నుంచి పోయే ఫుట్‌పాత్‌ని దున్నుకోవచ్చు. కానీ విత్తనానికి దున్నిన 14 రోజుల్లో దారి గీత మళ్లీ కనిపించేట్టు చెయ్యాలి, పైరు పెరిగాక కూడా కనీసం మీటరు వెడల్పు వదలాలి. బ్రైడిల్‌వే అయితే రెండు మీటర్లు. గట్టు పక్కన పోయే దారైతే అసలు దున్నకూడదు. ముళ్ల తీగ మాత్రం పూర్తి తప్పు. పారిష్‌కి దీని మీద శిక్షించే అధికారం ఏమీ లేదు, ఉత్తరం రాయగలదు, కావాలంటే సొంత డబ్బుతో దారి శుభ్రం చేయించగలదు, అంతే. ఉత్తరం రాస్తామని తీర్మానం చేశారు. అంతేనా అనిపించింది ఆ రోజు. తర్వాత కౌంటీ ఆఫీసర్ చెప్పాడు, ఒక మనిషి రిపోర్ట్ కంటే పారిష్ తీర్మానంతో వచ్చిన రిపోర్ట్ లిస్టులో పైకి వెళ్తుందని.

రైతుని కూడా ఆ వారం వెళ్లి కలిశాను, ఒంటరిగా, సైకిల్ లేకుండా. ముళ్ల తీగ ఎందుకంటే, సైకిళ్లవాళ్లు కంచె ఎక్కి వస్తున్నారు, వాళ్ల వెనక కుక్కలు, అవతల గొర్రెపిల్లలు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నేను నా బూట్లు చూసుకున్నాను. ఫుట్‌పాత్ మీద సైకిల్ తొక్కడం ఇక్కడ నేరం అనేదానికంటే పక్కవాడి స్థలంలో అనుమతి లేకుండా దూరడం లాంటిది, పోలీసులు రారు, కానీ హక్కు లేదు. ఆయన ఇంకో మాట అన్నాడు, అది నా బుర్రలో ఉండిపోయింది: "మా నాన్న హయాంలో ఈ దారిన బండ్లు వెళ్లేవి."

ఆరు వారాలకి కౌంటీ నుంచి మనిషి వచ్చాడు. చేలో మీటరు వెడల్పున బాట తేలింది. తీగ పోయింది. శరదృతువులో విరిగిన స్టైల్ తీసేసి కొత్త గేటు పెట్టారు. స్టైలూ గేటూ బాగుచేసే బాధ్యత భూమి యజమానిది, ఖర్చులో కనీసం పావు వంతు కౌంటీ ఇవ్వాలి, పారిష్ కూడా కొంత వేసింది. అందరూ నాకు కంగ్రాట్స్ చెప్పారు. వెళ్లి చూస్తే అది కిస్సింగ్ గేట్. సగం గుండ్రటి కంచెలో అటూ ఇటూ కొట్టుకునే తలుపు, మనిషి ఒదిగి తిరిగి బయటపడాలి. ముసలివాళ్లకి, మోకాళ్ల నొప్పులవాళ్లకి దేవుడిచ్చిన వరం. సైకిల్ మాత్రం పట్టదు. పాత విరిగిన స్టైల్ మీదుగా కనీసం ఎత్తి దాటించేవాణ్ణి, నా ఫిర్యాదు పుణ్యమా అని ఇప్పుడు అదీ లేదు. మా ఆవిడ వారం రోజులు నవ్వింది.

అక్కడితో ఆగిపోయేవాణ్ణే. కానీ ఆ పొద కంచె సందు నన్ను వదల్లేదు. ఒకే దారి, ఒకే వెడల్పు, అటు నీలం ఇటు పసుపు ఎందుకయ్యింది? క్లర్క్ గారిని అడిగితే, ఆ కంచె రెండు పారిష్‌ల పొలిమేర అంది. పక్క పారిష్ క్లర్క్ కాంటాక్ట్ కూడా ఇచ్చింది. ఆయన మూడు ఊళ్లకి క్లర్క్, జవాబుకి నెల పట్టింది, కానీ వచ్చిన జవాబు బంగారం. 1949 చట్టం వచ్చాక దేశమంతా దార్ల లెక్క తీశారు. ఆ లెక్క తీసింది ఎవరో కాదు, పారిష్ కౌన్సిళ్లే. 1950ల మొదట్లో ఒక్కో ఊళ్లో ఎవరో స్కూలు మాస్టారో రైతో మ్యాపు పట్టుకుని నడిచి, ఫారాలు నింపి కౌంటీకి పంపారు. దాని మీదే డెఫినిటివ్ మ్యాప్ తయారైంది. ఆ మ్యాపులో ఏది ఉంటే అదే చట్టం. మన గ్రామ నక్షా లాంటిదే, కాకపోతే దార్లకి.

2023 జనవరిలో ఒక రోజు సెలవు పెట్టి కౌంటీ రికార్డ్ ఆఫీసుకి వెళ్లాను. పెన్ను బయట పెట్టించారు, పెన్సిలే వాడాలి. అట్టపెట్టెలోంచి మా ఊరి ఫారం తీసి ఇచ్చారు, 70 ఏళ్ల నాటి చేతిరాత. పక్క ఊరివాళ్లు వాళ్ల సగానికి బ్రైడిల్‌వే అని రాశారు. మా ఊరాయన 14వ నంబరు ఎదురుగా మూడు అక్షరాలు రాశాడు, సీ ఆర్ ఎఫ్. కార్ట్ రోడ్, ఇప్పుడు ఎక్కువగా ఫుట్‌పాత్‌గా వాడుతున్నారు అని దానర్థం. అప్పుడు ఇచ్చిన సూచనల్లో అలా రాయమనే ఉంది. మ్యాపు ఎక్కేసరికి కార్ట్ రోడ్ ఎగిరిపోయి ఫుట్‌పాత్ మిగిలింది. ఇలాంటి చోట్లు ఇంగ్లండ్‌లో చాలానే ఉన్నాయట, పొలిమేర దగ్గర హక్కు హఠాత్తుగా మారిపోయేవి.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్తే, నేను సగంలో ఉండగానే ఆపాడు. "ఒరేయ్, పుంత అను. అంత సేపు చెప్పాలా?" అన్నాడు. నిజమే, పుంతే. మా ఊళ్లో చేలకి బండ్లు పోయే పుంత ఉండేది. రెండు పక్కలవాళ్లూ ఏడాదికి ఒక చాలు చొప్పున లోపలికి దున్నుకుంటూ వచ్చి, నా చిన్నప్పటికే అది గేదె పట్టేంత మిగిలింది. నక్షాలో మాత్రం బండి పట్టే వెడల్పే ఉంది. నాన్న సర్వేయర్ని తీసుకొచ్చి గొలుసు వేయించి రెండు కుటుంబాలతో మాటలు లేకుండా చేసుకున్నాడు. "మనకి కాగితం మీద ఉంది, నేల మీద లేదు. మీకు నేల మీద ఉంది, కాగితం మీద లేదు. మీదే నయం" అన్నాడు. నయమో కాదో నాకింకా తేలలేదు.

కాగితం మార్చడానికి ఒక పద్ధతి ఉంది. డెఫినిటివ్ మ్యాప్ మాడిఫికేషన్ ఆర్డర్ అని, 1981 చట్టం కింద దరఖాస్తు. ఫీజు లేదు, ఎవరైనా పెట్టొచ్చు, భూమి యజమానికీ కౌలుదారుకీ మాత్రం నోటీసు ఇవ్వాలి. రెండు రకాల సాక్ష్యం. ఒకటి పాత కాగితాలు: 1836 చట్టం తర్వాత గీసిన టైత్ (చర్చికి కట్టే పదో వంతు) మ్యాపులు, ఊరి ఇన్‌క్లోజర్ అవార్డు (ఉమ్మడి భూములు పంచి కంచెలు వేసినప్పటి పత్రం), 1910 నాటి భూమి పన్ను మ్యాపులు. రెండోది జనం సాక్ష్యం: 20 ఏళ్ల పాటు, అడ్డు లేకుండా, బలవంతంగా కాకుండా, దొంగచాటుగా కాకుండా, అనుమతి అడక్కుండా ఆ దారి వాడామని ఫారాలు. ఆ చివరిది చూసి నాకు కాసేపు అర్థం కాలేదు. అడిగి వెళ్తే లెక్కలోకి రాదట, హక్కున్నట్టు వెళ్లాలట.

1910 మ్యాపుల కోసం లండన్‌లో క్యూ దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్‌కి పోయాను. అందులో పన్ను వేసిన భూములకి రంగు అంచులు గీశారు, రోడ్లని తెల్లగా వదిలేశారు. మా 14వ నంబరు తెల్లగా ఉంది. అక్కడ కూర్చున్న నేను చిన్నగా అరిచేశాను, పక్క బల్లాయన తల తిప్పి చూశాడు. తెల్లగా ఉన్నంత మాత్రాన తేలిపోదు, మంచి సాక్ష్యం అంతే.

ఫారాలు నింపించడం ఇంకో అనుభవం. మా వీధి చివర ఒక పెద్దావిడ, 80 దాటాయి. ఆవిడ 1958 నుంచి ఆ దారిన సైకిల్ తొక్కి స్టేషన్‌కి వెళ్లి, అక్కడి నుంచి హై వికోంబ్‌లో కుర్చీల ఫ్యాక్టరీకి పనికి పోయేదట. "చీకట్లో, డైనమో దీపంతో" అని రాసింది. ఎవరైనా ఆపారా అనే ప్రశ్నకి "ఎందుకు ఆపుతారు?" అని రాసింది. అలా పదకొండు ఫారాలు వచ్చాయి. అందులో నావి లేవు, నాకు ఒక్క ఆదివారం అనుభవమే కదా.

2023 జూన్‌లో దరఖాస్తు పెట్టాను, పారిష్ కౌన్సిల్ మద్దతు తీర్మానం జత చేసి. ఇక వెయిటింగ్. పాత కాగితాల ఆధారంగా పెట్టే దరఖాస్తులకి 2026 గడువు అని చట్టంలో ఉండేది, తీసేస్తాం అన్నారు, కాదు 2031 అన్నారు, మళ్లీ 2024 చివర్లో తీసేస్తాం అన్నారు. దీని మీద టెన్షన్ పడటం నేను మానేశాను. ఏడాదిలో తేల్చకపోతే పైన మంత్రిత్వ శాఖకి రాయొచ్చు, రాస్తే కౌంటీకి గడువు పెడతారు గానీ ఆ గడువే ఏళ్ల లెక్కలో ఉంటుంది. కౌంటీ వెబ్‌సైట్‌లో క్యూ చూపిస్తారు. మొదట చూసినప్పుడు మా ముందు 63 ఉన్నాయి. మొన్న చూస్తే 57. నాన్నకి చెప్తే, "అప్పటికి పాపకి కారు లైసెన్సు వచ్చేస్తుందిలే" అన్నాడు.

ఈలోపు పని జరిగింది వేరే దారిలో, అదీ రైతు వల్ల. దరఖాస్తు నోటీసు ఆయన చేతికి ఇవ్వడానికి నేనే వెళ్లాను, పోస్టులో పంపితే బాగుండదని. ఒక పావుగంట గట్టిగానే అనుకున్నాం. తర్వాత టీ ఇచ్చాడు. ఆయన గొడవ చేను మధ్య నుంచి జనం పోవడం. గట్టు వెంబడి అయితే తనకి నష్టం లేదు, ఆ మూడు మీటర్లలో ఎలాగూ పంట సరిగా రాదు. భూమి యజమానులైన ఎస్టేట్ వాళ్లని అడిగి, 2024 వసంతంలో గట్టు పక్కన పర్మిసివ్ దారి ఇచ్చాడు, సైకిళ్లకి కూడా. ఇది హక్కు కాదు, ఆయన దయ. ఎప్పుడైనా తీసేసుకోవచ్చు, హక్కుగా మారకుండా ఏడాదికి ఒక రోజు మూసేస్తాడు కూడా. హక్కుగా రాసివ్వాలంటే పారిష్ కౌన్సిలే యజమానితో ఒప్పందం చేసుకోవచ్చని, ఆ అధికారం 1980 హైవేస్ చట్టంలో ఉందని క్లర్క్ గారు వెతికి పట్టుకుంది. ఎస్టేట్ లాయర్లు ఆలోచిస్తున్నారు. లాయర్ల ఆలోచన ఎంత కాలమో మీకు తెలిసిందే.

ఒక సంగతి, ఇక్కడున్న మనవాళ్లకి పనికొస్తుందని చెప్తున్నా. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నా కామన్వెల్త్ పౌరులుగా ఈ లోకల్ ఎన్నికల్లో మనకి ఓటుంది. నాకు ఇల్లు మారిన ఏడాది దాకా తెలియదు. నేను కౌన్సిలర్‌ని కాలేదు గానీ, పోయినేడు పారిష్ వాళ్లు ఫుట్‌పాత్ వార్డెన్ అని జీతం లేని పోస్టు అంటగట్టారు. ఏడాదికి రెండుసార్లు మా ఊరి 23 దారులూ నడిచి, ఎక్కడ ఏం విరిగిందో క్లర్క్ గారికి రాయాలి. నోటీసు బోర్డులో దార్ల సమస్యలకి కాంటాక్ట్ అని నా మెయిల్ ఐడీ వేశారు.

మొదటి ఫిర్యాదు ఫాదర్ గారి నుంచే వచ్చింది. చర్చి వెనక సందులో నెటిల్ మొక్కలు నడుము దాకా పెరిగాయట, ఆదివారం ప్రార్థనకి వచ్చేవాళ్లకి కాళ్లు దురద. దారి నంబరు రాయలేదు, గ్రిడ్ రిఫరెన్స్ లేదు, ఫొటో లేదు. తిరిగి మెయిల్ పెట్టి అడిగాను. శనివారం కొడవలి తీసుకుని వెళ్లాలి.